కాలికి తెలియని నిప్పు

గుండం నెరపడం వీళ్ళకు చేతకావడం లేదు, ఈ మాట నేను కాక ఇంకెవరు చెబుతారు, చింతమొద్దులను మధ్యాహ్నం రెండింటికే అంటించి ఉంటే ఈపాటికి నిప్పు చదునుగా పరుచుకునేది, ఇప్పుడు అటు పక్క ఎత్తు, ఇటు పక్క పల్లం, ఆ పొడుగు కర్ర పట్టుకున్నవాడు గడ్డివామి లాగుతున్నట్టు లాగుతున్నాడు. నిప్పు సంగతి నన్నడగాలి. ముప్పై ఏళ్ళ నుంచి బెల్లం వండుతున్నాను. పెనం కింద మంట రంగు చూసి పాకానికి ఇంకెంతసేపు పడుతుందో చెప్పేస్తాను, గడియారం అక్కర్లేదు, చిత్తూరు మండీలో ధనంజయ బెల్లం అంటే మూట విప్పకుండానే తీసుకుంటారు, ఐరాల చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. అంతటి మనిషి ఈ రోజు ధర్మరాజుల గుడికి ఎదురుగా, మా పెదనాయన ఇంటి అరుగు మీద, పంచె మడమల కిందికి లాక్కుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు వరసగా ఈ నిప్పుల గుండం తొక్కాను, పూజారి తర్వాత మొదటి కాలు నాదే, ఇరవై మూడో ఏడు అరుగు మీద. గుడి ముందు చెప్పులతో నిలబడకూడదు, చెప్పులు విప్పి నేను నిలబడకూడదు, అందుకే ఈ అరుగు. ఇంకొక గంట. ఆరింటికి పూజారి పూలు చుట్టిన కరగం కుండ తలకెత్తుకుంటాడు, పలక డప్పులు మోగుతాయి, నలభై మంది దాటేస్తారు, ఇంటికి పోయి రెండు పుల్కాలు తిని పడుకోవచ్చు. ఒక్క గంట కూర్చోవడం ఏమంత పని.

పొద్దున దుర్యోధనుణ్ణి పడగొట్టారు, పద్దెనిమిది రోజులు భారతం విని విని ఊరంతా ఆ మట్టిబొమ్మ మీద పగ పెంచుకుని ఉంది, తొడ పగలగానే ఆడవాళ్ళు ఆ మట్టి కోసం తోసుకున్నారు, గాదెలో వేస్తే గింజ తరగదట. నేనూ ఒక పిడికెడు తెచ్చాను. తెచ్చానని నాకెలా తెలుసు, చేతికి తెలుసు, చల్లగా, తడిగా, ఇసుక గరగరమంటూ. చేతులు బంగారం. చేతుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కంకణాలు కట్టుకున్నవాళ్ళు బావి దగ్గర స్నానాలకు పోయారు, పసుపు బట్టల్లో తడిసి వస్తారు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను చూసి ఆగుతున్నారు, "కుర్రోళ్ళకు తావిచ్చినావు గదన్నా, ఎంత పెద్ద మనసు నీది" అంటున్నారు, నేను చెయ్యెత్తి, పర్లేదులే అన్నట్టు తల ఊపుతున్నాను. ఈ తల ఊపడం బాగా అబ్బింది నాకు. తొక్కితే భక్తుణ్ణి, తొక్కకపోతే త్యాగిని. రెండు చేతులా లడ్డే. లడ్డు అనకూడదు, డాక్టరమ్మ వింటే చంపుతుంది.

నిరుడు ఇదే వేళ ఎంత వెలిగిపోయాను. అందరూ పరుగు లాంటి నడకతో దాటేస్తారు, ఎంత భక్తి ఉన్నా కాలు కాలే కదా, నిప్పు తగిలితే దానంతట అదే లేస్తుంది, ఇరవై ఒక్క ఏళ్ళు నేనూ అలాగే దాటాను, దాటి, అవతలి అంచున పాలు పోసిన పాలగుంటలో కాళ్ళు పెట్టగానే అమ్మయ్యా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు కానీ అనుకున్నాను. నిరుడు మాత్రం మొదటి అడుగు వేశాను, ఏమీ లేదు. రెండో అడుగు, ఏమీ లేదు. పేడ అలికిన కొట్టంలో నడిచినట్టుంది. ఒళ్ళు పులకరించింది. నడి గుండంలో ఆగాను, అవును, ఆగాను, చేతులు జోడించి గుడి వైపు తిరిగి ద్రౌపదమ్మకు దండం పెట్టి, తీరిగ్గా, పెళ్ళికొడుకు నడక నడిచి బయటికి వచ్చాను. ఊరు ఊరంతా గోల. పూజారి మునివెంకటప్ప మామ ముసలి కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మే నన్ను ఎత్తుకోని నడిపించినాదిరా, నిప్పులు గాదు, పూలు, పూల మింద నడిచినట్టే ఉండాది" అని నేనే అన్నాను, ఎవరూ నా నోట్లో పెట్టలేదు, నేనే అన్నాను. పిల్లల తల్లులు వచ్చి నా కాళ్ళు కళ్ళకద్దుకున్నారు. ఎవరో ఫోన్లో తీశారు, అది చిత్తూరు దాటి పలమనేరు దాకా పోయింది, అక్కడ మా చెల్లెలు లోకేశ్వరి పాలు పిండుతూ కూడా చూసేదట, వందసార్లు చూశానన్నా అని ఫోన్ చేసి ఏడ్చింది. ఎందుకే ఏడుస్తావు అన్నాను, గొంతులో గర్వం దాచుకోకుండానే.

ఇంటికి పోయి చాప మీద కాళ్ళు చాపితే మా ఆవిడ మునెమ్మ కెవ్వుమంది. కుడి అరికాలి తోలు ఊడి చాపకు అంటుకుంది. నేను చూసి, ఇది ఎవరి కాలు అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. పసుపు పెట్టాం, ఆకు కట్టాం, అమ్మ ఇచ్చిన పుండు అమ్మే మాన్పుతుంది అన్నాను. పన్నెండో రోజుకు వాసన. నాకు నొప్పి లేదు కదా, నొప్పి లేని పుండు పుండెలా అవుతుంది అని వాదించాను, నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, మునెమ్మ కూడా గెలవలేదు, ఆమె ఆటో పిలిచి అందులోకి తోసింది అంతే. చిత్తూరు ఆసుపత్రిలో డాక్టర్ ప్రసన్నకుమారి, నా కూతురి వయసు ఉంటుంది, రెండు కొమ్ముల ఇనుప పంగ లాంటిది కొట్టి మోగించి నా బొటనవేలి మీద పెట్టి, "అదురుతాందా?" అంది. ఏమి అదురుతుంది, ఇనుము పెట్టారు అంతే అన్నాను. అదే ఇనుమును మోచేతి మీద పెట్టింది, తేనెటీగ దూరినట్టు గుయ్యిమంది. అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. "మీకు షుగరు వచ్చి కనీసం ఎనిమిదేళ్ళయి ఉంటుంది. నరాలు దెబ్బతిన్నాయి. కాళ్ళు మీతో మాట్లాడటం మానేశాయి" అంది. చిటికెనవేలు తీసేశారు. తీసింది కూడా నాకు తెలియలేదు. ఊళ్ళో మాత్రం చెరకు కత్తి పడి తెగింది అని చెప్పాను. మునెమ్మ నోరు తెరవబోతే కళ్ళతోనే మూయించాను. అమ్మవారు నడిపించిన కాలు అని మొక్కిన జనానికి, అది చచ్చిన కాలు అని ఎలా చెప్పడం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

చెప్పలేదా, ఆ కాళ్ళు? చెప్పాయి పాపం, మూడు నాలుగేళ్ళు చెప్పాయి, వినింది ఎవరు. చీమలు పాకినట్టు ఉండేది, లేచి దులుపుకుంటే చీమలుండేవి కావు. అరికాళ్ళు భగభగ మండేవి, పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడితే మండవా అనుకున్నాను. ఒకసారి చెరకు తోటలో నుంచి ఇంటికి వచ్చాక మునెమ్మ, "ఇంకో చెప్పు యాడ?" అంది. చూస్తే ఒక కాలికే ఉంది. ఎక్కడ జారిపోయిందో, అర కిలోమీటరు ఒంటి చెప్పుతో నడిచి వచ్చాను, ఆ రోజు ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. బెల్లం వండేవాడికి షుగరు రాదు, ఆవిరికే ఒళ్ళు అలవాటు పడిపోతుంది అని మండీలో పదిమందికి సిద్ధాంతం చెప్పినవాణ్ణి నేను. నా సిద్ధాంతం నమ్మి పరీక్ష చేయించుకోనివాళ్ళు ఎందరో, ఈ ఆలోచన ఇప్పుడే ఎందుకు వస్తోంది, వద్దు, పో.

ఇప్పుడు మాత్రం నా కాళ్ళను పాకం పట్టినట్టు పట్టాను. ఎవరైనా వచ్చి నేర్చుకోవచ్చు. పొద్దున లేవగానే అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను, వేళ్ళ సందులు మునెమ్మ చూస్తుంది, నా కళ్ళను ఆమె నమ్మదు. చెప్పుల్లో కాలు పెట్టే ముందు తిరగేసి దులుపుతాను, ఒకసారి మేకు వచ్చింది, ఒకసారి మనవడి గోలీ వచ్చింది. స్నానానికి నీళ్ళు చేత్తో చూడనిదే కాలు పెట్టను. ఇంట్లో కూడా చెప్పులే. గోళ్ళు నేను తీసుకోను. మాత్రలు టయానికి, నడక టయానికి, బెల్లం రుచి చూసేది మాత్రం మా తమ్ముడి కొడుకు, నేను రంగు చూసి, చేతికి ముద్దయ్యే తీరు చూసి చెప్పేస్తాను, ఒక్క పాకం చెడలేదు. మూడు నెలల షుగరు పరీక్షలో పదకొండు ఉన్నది ఏడుకు దించాను, డాక్టరమ్మ, "మీలాగ అందరూ ఉంటే నాకు పని తగ్గేది" అంది. నాలాగ అందరూ ఎలా ఉంటారమ్మా అన్నాను. ఆమె నవ్వింది. కాళ్ళలో తిమ్మిరి తగ్గలేదు, ఆ మంట మాత్రం బాగా తగ్గింది, ఆరిపోయిన నరం తిరిగి వెలగదట, ఉన్నదాన్ని కాపాడుకోవాలట. కాపాడుకుంటాను. నాకు అడుగు పడే చోటు తెలియకపోతేనేమి, చూసి అడుగు వేస్తాను, కళ్ళున్నాయి కదా.

బావి వైపు నుంచి తడిబట్టల వరస వస్తోంది. ముందు కుర్రాళ్ళు, వెనక ఆడవాళ్ళు, ఒకావిడ వరస విడిచి నా వైపే వస్తోంది, పసుపు చీర, మణికట్టున కంకణం, తడి జుట్టు ముడి, ఆ నడక ఎక్కడో చూశాను, కాలు కొంచెం విసిరి విసిరి వేస్తోంది, నేల ఎక్కడుందో సరిగ్గా తెలియనట్టు, ఈ నడక నాదే కదా, నా నడక ఈమెకు ఎలా వచ్చింది. లోకేశ్వరి. మా లోక. పలమనేరు నుంచి ఎప్పుడు దిగింది, నాకెందుకు చెప్పలేదు, ఆ కంకణం ఏమిటి.

"అన్నా, దీవించు. నీ తావులో ఈసారి నేను తొక్కతాండా" అంది.

"నువ్వా? కంకణం ఎప్పుడు కట్టుకుంటివి?"

"పొద్దన్నే, బస్సు దిగీ దిగంగానే. నీకు చెప్తే వొద్దంటావని చెప్పలా. అమ్మ పిలిచినాదన్నా. ఆర్నెల్లు కాళ్ళలో ఒకటే చీమలు పారతాండె, మంటలు మంటలు. నెలనాళ్ళుగా అదీ లేదు, ఏమీ లేదు. మొన్న ఆవు నా కాలు తొక్కితే రగతం కారేదాకా నాకు తెలీలా! నీ మాదిరే గదా? నీ కాళ్ళలోకి వచ్చినట్టే నా కాళ్ళలోకి కూడా వచ్చేసినాది అమ్మ." చెబుతూ చెబుతూ ఆమె ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతోంది, నలభై తొమ్మిదేళ్ళ ఆడది, మొగుడు పోయాక ఈ పదేళ్ళలో ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"పలమనేరు ఆస్పత్రిలో ఇచ్చిన షుగరు మాత్రలు మింగతాండావా?"

"రెండు నెలలయింది నిలిపి. అమ్మే వచ్చినాక మాత్రలెందుకు?"

మునెమ్మ గడపలో నిలబడి చెంబు పట్టుకుని నన్నే చూస్తోంది, అంతా వింది. నేను గొంతు తగ్గించాను, "లోకా, తొక్కబాకు. అది అమ్మ గాదు. షుగరు. నరాలు చచ్చిపోతాయి" అన్నాను. ఆమె నవ్వింది, నా మీద ఎప్పుడూ అలా నవ్వలేదు. "నీకైతే అమ్మ, నాకైతే షుగరా?" అంది. తర్వాత కొంచెం బాధగా, "నీ పేరు నేను తీసుకుంటానని కడుపుమంటా అన్నా?" అని వెనక్కి తిరిగి వరసలోకి వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. పలకలు వేడి చేస్తున్నారు. ఏమి చేయాలి, ఏదో ఒకటి చేయాలి, నాకు తోచని ఉపాయం ఉందా, మైల వచ్చిందని చెప్పనా, ఎవరు చచ్చారని చెప్పాలి, ఎవరినో ఒకరిని చంపాలి కదా నోటితో. పలమనేరు నుంచి ఫోన్ వచ్చింది, ఆవు ఈనలేకపోతోంది అననా, వింటుందా, ఆవునూ అమ్మే చూసుకుంటుంది అంటుంది. కంకణం కట్టుకున్న మనిషిని లాగేయకూడదు, లాగితే ఊరికి కీడు అంటారు, నన్ను నిలబెట్టి కడుగుతారు. తొక్కితే తొక్కనీ, పరుగున దాటేస్తుంది, అందరూ దాటడం లేదా, ఏమవుతుంది. ఏమవుతుందో నాకు తెలుసు. పరుగెత్తదు. నా చెల్లెలు పరుగెత్తదు. నడి గుండంలో ఆగి, గుడి వైపు తిరిగి, చేతులు జోడిస్తుంది, ఫోన్లో వందసార్లు చూసింది కదా. రెండు కాళ్ళూ పోతాయి. నాకైతే ఆటోలోకి తోయడానికి మునెమ్మ ఉంది, దానికి ఎవరున్నారు పలమనేరులో, రెండు ఆవులు తప్ప. ఎవరు పిండుతారు, ఎవరు మేత వేస్తారు, కాళ్ళు లేని ఆడది ఏ గోడ పట్టుకుని లేస్తుంది. మరి నా పేరు? ఇరవై రెండేళ్ళ పేరు, ఆ కళ్ళకద్దుకోవడాలు, రేపు చెరకు తోలేవాళ్ళు కూడా నవ్వుతారు, పూలంట పూలు అంటారు. నవ్వనీ అనడం తేలికే, నేను నవ్వులపాలై ఎప్పుడూ చూడలేదు, ఎలా ఉంటుందో నాకు తెలియదు, భయంగా ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను, భయంగానే ఉంది. మునెమ్మ దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, "ఆ నోరుండేది అన్నం తినేదానికేనా?" అంది.

మునివెంకటప్ప మామ కరగం తలకెత్తుకోబోతున్నాడు. "ఆగు మామా!" అన్నాను. నా గొంతు చిన్నదేమీ కాదు, పలకలు ఆగిపోయాయి. అరుగు దిగి వరస దగ్గరికి పోయాను, చెప్పులతోనే, ఎవరో "చెప్పులన్నా, చెప్పులు" అన్నారు, ఉండనీ అన్నాను. లోక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్న చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుంటే జనం గుసగుసలాడారు, ఆమె కంగారుగా వెనక్కి జరగబోయింది.

"నిలబడు లోకా. కళ్ళు మూసుకో. నీ కాలి వేలు ఒకటి పట్టుకుంటా, ఏ వేలో చెప్పు. సరిగ్గా చెప్తివా, నేనే నీ చెయ్యి పట్టుకోని గుండం దాటిస్తా."

"ఇంతేనా?" అని కళ్ళు మూసుకుంది. బొటనవేలు పట్టుకున్నాను. పాకం ముద్దను నొక్కినట్టు నొక్కాను. రెండో వేలు కూడా కలిపి పట్టుకున్నాను. చివరికి అయిదు వేళ్ళనూ పిడికిట్లో బిగించాను, నా చేతికి నొప్పి పుట్టేంత బిగించాను. ఆమె కళ్ళు మూసుకుని, పెదాల మీద చిరునవ్వుతో, ఎదురు చూస్తోంది.

"బిన్నా పట్టుకో అన్నా, ఎంతసేపు" అంది.

వరసలో ఆమె పక్కనున్న ఆడమనిషి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను "కళ్ళు తెరు" అన్నాను, పిడికిలి తీయలేదు. లోక వంగి చూసింది. నా చేతినీ, అందులో తన వేళ్ళనూ చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది. వేళ్ళు కదిలించబోయింది. వెలుగు అంతా ఒక్కసారిగా పోయింది ఆ ముఖంలో, నేనే ఊది ఆర్పాను.

అప్పుడు కుడి చెప్పు విప్పి, అరికాలు పైకి తిప్పి, అందరికీ కనబడేలా పెట్టాను. అరచేయంత మచ్చ, నాలుగే వేళ్ళు. "చెరకు కత్తి గాదు. నిరుడు ఈ గుండమే కాల్చినాది. నాకు తెలీలా. అమ్మ ఎత్తుకోలే, నన్నెవురూ ఎత్తుకోలే. షుగరొచ్చి కాళ్ళు చచ్చిపోతే పూలని చెప్పినా. అబద్ధం. ఏడాది పొడుగునా అబద్ధం చెప్పినా" అన్నాను. ఎవరైనా నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు. మునివెంకటప్ప మామ చాలాసేపు నా కాలు చూసి, "కట్టుకున్న కంకణానికి గుండమే తొక్కాలని యాడుండాది. సుట్టూ తిరిగి పాలగుంటలో చెయ్యి పెట్టు తల్లీ, అమ్మకు అదే సాలు" అన్నాడు. తర్వాత వరస వైపు తిరిగి, "ఇంగెవురికన్నా కాళ్ళలో తెలీకుండా ఉండాదా? ఇప్పుడే చెప్పండబ్బా" అన్నాడు. రెండో వరసలోంచి ఒక పెద్దాయన బయటికి వచ్చాడు, ఆయన వెనక ఇంకొకామె, ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు కూడా లేని మేస్త్రీ ఒకడు తల వంచుకుని వచ్చాడు. ఒక్కొక్కరి వేళ్ళూ పట్టుకుని చూశాను. ముగ్గురూ చెప్పలేకపోయారు.

పలకలు మళ్ళీ మొదలయ్యాయి. కరగం గుండం దాటింది, వెనక కుర్రాళ్ళు పరుగులు, కేకలు, నిప్పురవ్వలు. లోక చుట్టూ తిరిగి పాలగుంటలో చేయి ముంచి వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఎడంగా కూర్చుంది. మునెమ్మ మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. సోమవారం పొద్దున చిత్తూరు పోదాం, డాక్టరమ్మ మంచిది, ఏ చెప్పులు వేసుకోవాలో, కాలు ఎలా చూసుకోవాలో అన్నీ నేను నేర్పిస్తాను, మాత్రలు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు, ఇంకా ఏమీ మించిపోలేదు, ఆవు తొక్కిన గాయం ఇంకా పుండు కాలేదు కదా, నువ్వు నాకంటే ముందే మేలుకున్నావు అని గబగబా చెబుతూనే ఉన్నాను. ఆమె వినిందో లేదో. పాలు అంటిన చేతిని చీరకు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు నిరుడే చెప్పింటే, చీమలు పారేటప్పుడే ఆస్పత్రికి పోయిందును గదన్నా. అప్పుడు నా కాళ్ళు నాకు తెలస్తా ఉండె."

సోమవారం ఎన్ని గంటల బస్సుకు పోదామని ఆమే అడిగింది.